ఎముకల మధ్య సంభాషణ



తల్లి గర్భములో బిడ్డ కాలు మొదట ఎముకగా ఏర్పడదు. చెవి డొప్పవలె వంగే మెత్తని మృదులాస్థిగా ఏర్పడుతుంది. కీలు రావలసిన చోట కొన్ని కణములు మృదులాస్థిగా మారక, రెండు ముక్కలను వేరుచేసే పొరగా నిలుస్తాయి. జి.డి.ఎఫ్.-5 అనే మాంసకృత్తు ఆ చోటును గుర్తించే సంకేతములలో ఒకటి. గర్భములో బిడ్డ కదలడము కూడ కీలు చక్కగా విడివడడానికి అవసరము.

పుట్టిన తరువాత కూడ ఈ సంభాషణ ఆగదు. ఎముక కొనల దగ్గర మృదులాస్థి కణములు వరుసలు కట్టి పెరిగి, పెద్దవై, ఎముకకు చోటిస్తాయి. పెద్దవి కాబోయే కణములు 'ఇండియన్ హెడ్జ్‌హాగ్' అనే సంకేతమును పంపుతాయి. దానికి బదులుగా కొన వైపు కణములు, "తొందరపడకండి" అన్నట్లు వేరొక సంకేతమును పంపుతాయి. ఈ ఇచ్చిపుచ్చుకొనడమును 1996లో శాస్త్రజ్ఞులు వివరించారు. పొలానికి నీరు విడిచేవాడు, మడవ కట్టేవాడు ఒకరి మాట ఒకరు విన్నట్లే ఇదీను. ఆ మాట తప్పితే ఎముక పెరుగుదల చెడుతుంది.

మన ప్రాంతమునకు ఇది పుస్తకములోని సంగతి కాదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ ప్రాంతపు ఎదిగే పిల్లలలో మోకాళ్ళు లోపలికి ఒరిగిపోయే వైకల్యమును లోకమునకు తెలిపారు. కారణము నీటిలోని ఫ్లోరైడ్. మన రాతినేలలో నుండి అది బోరునీటిలోనికి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదము. అధిక ఫ్లోరైడ్ మృదులాస్థి కణముల క్రమమును చెరుపుతుందని జంతువులపై జరిగిన పరిశోధనలు చూపుతున్నాయి. తిండిలో సున్నము, అనగా కాల్షియము, చాలనప్పుడు పిల్లల ఎముక మరింత సులభముగా వంగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఇండ్లలో ఈ బాధ ఎరుగనివారు అరుదు.

నీరు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. పటిక, సున్నము కలిపి తేర్చే విధానమునకు మన నల్లగొండ పేరే పెట్టారు. అది ఆఫ్రికా దేశములకు కూడ వెళ్ళింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదినీరు ఇండ్లకు వచ్చింది. నల్లా రెండు రోజులు రాకపోతే బోరు వైపు బిందె తీసుకొని వెళ్ళడము మన అలవాటు. ఆ బోరునీటిని పరీక్ష చేయించకుండ గర్భిణికి గాని పిల్లలకు గాని త్రాగించకండి. పాలు, రాగిజావ, ఆకుకూరలు పెట్టండి.

మంచినీరు రేపటి కాళ్ళను కాపాడుతుంది గాని, వంగిన ఎముకను సరిచేయలేదు. కొందరికి శస్త్రచికిత్స మేలు చేయవచ్చును. ఆ కాళ్ళు ఎవరి పాపఫలమూ కాదు, బావి నీటి ఫలము. అటువంటి పిల్లకు సంబంధము చూచునప్పుడు మనము ఈ సంగతి మరువకూడదు.