బిడ్డ సరే, బాలింత మాటేమిటి?

ఇప్పుడు కాన్పు ఇంట్లో జరగడం అరుదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 88కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. తెలంగాణలోనైతే 60కి పైగా ఆపరేషన్లే. ఇన్ని ఆసుపత్రులుండీ, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు దేశం మొత్తమ్మీద నూటికి 42 మంది!

కారణం కోసం దూరం వెళ్ళక్కర్లేదు. "ఆపరేషనయింది, అప్పుడే పాలెక్కడ పడతాయి?" అంటూ మనమే డబ్బాపాలు తెప్పిస్తాం. ముర్రుపాలు పసుపుగా, జిగటగా ఉన్నాయని పిండి పారబోయించే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. రోగాల నుంచి బిడ్డకి తొలి రక్షణ ఆ రెండు చెంచాలే. పైగా పుట్టీపుట్టగానే స్నానమొకటి! పసిఒళ్ళు చల్లబడిపోతుంది, ఒక రోజు ఆగమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

ఇక బాలింత. పథ్యం పేరుతో ఆమెకి వెల్లుల్లి కారం, పాతబియ్యం అన్నం. మంచినీళ్ళు కూడా లెక్కే. పాలు మాత్రం ధారగా రావాలి! ఈనిన గేదెకి దాణా పెంచుతాం, కుడితి తొట్టి నింపుతాం. మనిషికి తగ్గించడమేమిటో?

అన్నిటికన్నా నాకు భయం రక్తస్రావమంటే. మొదటి 24 గంటలూ ప్రమాదం ఎక్కువ. "కాన్పయ్యాక మామూలేలే" అని సర్దిచెప్పకండి. గుడ్డలు గబగబా తడిసిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా వెంటనే నర్సుని పిలవాలి. అందరూ ఉయ్యాల చుట్టూ మూగితే ఆ దుప్పటి ఎత్తి చూసేదెవరు? అమ్మో, అత్తగారో ఒకరు మంచం పక్కనే ఉండాలి. చుట్టాలకి ఫోన్లు మగవాళ్ళు చేసుకుంటారు, అది వాళ్ళకి బాగానే వచ్చు.