సిగ్గు దేనికి?

పెద్దప్రేగు మాట నలుగురిలో ఎత్తడానికి మనకు మహా సిగ్గు. విరేచనంలో నెత్తురు పడినా, "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకుంటాం.

అమెరికాలో కేటీ కౌరిక్ అనే టెలివిజన్ ఆవిడ భర్త 1998లో, 42వ యేట, పెద్దప్రేగు కాన్సరుతో పోయాడు. 2000లో ఆవిడ తన ప్రేగు పరీక్షనే టెలివిజన్‌లో దేశానికంతటికీ చూపించింది. ఆ పిమ్మట అక్కడ ఆ పరీక్షకు వెళ్ళేవారు పెరిగారు. ఆవిడ ధైర్యానికి నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను.

ఈ జబ్బు చాలామందిలో చిన్న పులిపిరిలాంటి కండగా మొదలై, ముదరడానికి సుమారు పదేళ్ళు పడుతుంది. గొట్టంతో చూసే ఆ పరీక్షలోనే దాన్ని తీసివేయవచ్చు. అక్కడ 2021 నుంచి 45వ యేటనే పరీక్ష మొదలుపెట్టమంటున్నారు. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో వచ్చివుంటే ఇంకా ముందే. నెత్తురు కనిపిస్తే ఏ వయసైనా ఆగకూడదు.

"మాకే బాధా లేదుగా!" అంటారా? బాధ లేనప్పుడే కదండీ వెళ్ళవలసింది!