చట్టములో కొడుకు, మంచమువద్ద కోడలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు కుటుంబములలో మంచము పట్టిన తల్లిదండ్రులను విడిచిపెట్టువారు అరుదని మన పెద్దలు సభలలో సగర్వముగా చెప్పుచుందురు. మాతృసేవ చేసెనని కొడుకునకు శాలువ కప్పుదురు. ఆ సేవ ఎవరు చేసిరని మేమడుగుచున్నాము. పక్షవాతముతో పడిన అత్తగారిని రాత్రి రెండేసి గంటలకొకమారు ఒత్తిగిలజేసి, పుండ్లు పడకుండ వీపు తుడిచి, గుడ్డలు మార్చి, జావ త్రాగించి, తెల్లవారకమునుపే పొయ్యి వెలిగించునది కోడలు. కొడుకు కొట్టు కట్టి వచ్చి, గుమ్మమువద్ద నిలిచి, “అమ్మ తిన్నదా?” అని యడుగును. శాలువ ఆతనిది!

2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. అందు భారము వహింపవలసిన సంతానమనగా కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు. కోడలి పేరు లేదు. కోడలిని, అల్లునిగూడ చేర్పనెంచి 2019లో బిల్లు తెచ్చిరి గాని అది చట్టము కాలేదు. ఒకరి బాకీ నింకొకరు తీర్చినచో ఎవరి పేర జమకట్టవలెనో వ్యాపారులమైన మనకు ఒకరు చెప్పవలెనా?

2024లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, 15 మొదలు 59 ఏండ్ల స్త్రీలలో నూటికి 41 మంది ఇంటివారి సంరక్షణ చేయుచుండిరి. పురుషులలో 21 మందియే. చేయువారిలోగూడ స్త్రీలు దినమునకు 140 నిమిషములు, పురుషులు 74. ఇందు పసిబిడ్డల పెంపకముగూడ చేరియున్నదనుట నిజమే. బిడ్డలైనను మగవారి బిడ్డలు కారా?

“మగవాని చేతికా పని రాదు” అందురు. 50 కిలోల బస్తా దించువారికి తల్లిని ఒత్తిగిలజేయుట రాదట! “అమ్మ సిగ్గుపడును” అని మరియొక వాదము. అందు కొంత నిజమున్నది. మామగారికి గుడ్డ మార్చునపుడు కోడలికి సిగ్గుండదా?

2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే తమిళనాడు ప్రభుత్వము ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకమును ప్రారంభించినది. రక్తపుపోటు, మధుమేహముల మందులను ఇంటికే చేర్చు ఏర్పాటది. మేలే. కాని మందిచ్చి వారు వెడలిన పిమ్మట రాత్రి యెవరిది?

సిప్కాటులో జీతము తెచ్చు కోడలు, అత్త పడినంతనే ఉద్యోగము మానవలెను. కొడుకు మానవలెనని యెవ్వరును అనరు, ఆమె జీతమే యెక్కువైనను.

కావున మా కోరిక రెండు మాటలలో చెప్పెదము. వారమునకు మూడు రాత్రులు కొడుకు మంచమువద్ద పండుకొనవలెను. సేవచేసిన కోడలి పేర వీలునామాలో వాటా వ్రాయింపవలెను. దీనికి సమ్మతింపని సభ్యులు తమ వాదమును వ్రాసి పంపినచో ఈ పత్రికలోనే ప్రకటింతుము. వ్రాయువారు, గత వారము తాము మంచమువద్ద మేల్కొనిన రాత్రులెన్నియో గూడ తెలుపగోరుచున్నాము.