సముద్రం ఒడ్డు నుంచి తిరిగిపోయిన దూత



చైనా నూలు దిగుమతి అన్న మాట వింటే చాలు, గూడు మార్కెట్‌లో మనకు గుబులు పుడుతుంది. ఆ చైనా పట్టే రెండు వేల ఏళ్ల కిందట ఎవరి చేతుల మీదుగా పోయేదో తెలుసుకుంటే మనకూ పనికొస్తుందని మా అభిప్రాయం.

క్రీ.పూ. 138లో హాన్ చక్రవర్తి ఊదీ, జాంగ్ చియెన్ అనే ఆయన్ను పడమటి దిక్కుకు దూతగా పంపాడు. శత్రువులకు చిక్కి పదేళ్లు బందీగా ఉన్నాడు. నూరుమందికి పైగా బయలుదేరితే, పదమూడేళ్లకు తిరిగొచ్చింది ఇద్దరే. కోరిపోయిన పొత్తు కుదరలేదు గానీ, విలువైన కబుర్లు తెచ్చాడు. ఇప్పటి అఫ్గానిస్తాన్ వైపున్న బాక్ట్రియాలో చైనా గుడ్డ కనిపించిందట. ఎక్కడిదని అడిగితే, మా వర్తకులు భారతదేశంలో కొని తెచ్చారని అక్కడివాళ్లు చెప్పారు. తమ సరుకు తమకు తెలియని దారిన అంత దూరం పోతోందని చైనాకు అప్పుడు తెలిసింది.

తర్వాత పట్టు రోమ్ దాకా పోయింది. పోయింది గానీ, చేసేవాళ్లకూ కొనేవాళ్లకూ ముఖపరిచయం లేదు. పట్టు అంటే ఆకుల మీది నూగు, నీళ్లతో తడిపి దువ్వి తీస్తారని రోమ్ పండితుడు ప్లినీ రాశాడు. పురుగు నాలుగు జ్వరాలు దాటి గూడు కట్టేదాకా పడే పాట్లు ఆయనకేం తెలుసు! చైనావాళ్లూ తక్కువ తినలేదు. రోమ్‌లో ఒక రకం సన్నగుడ్డను నీటిగొర్రె బొచ్చుతో నేస్తారట అని రాసుకున్నారు.

ఈ ఇద్దరి మధ్య ఉన్నది పార్థియా రాజ్యం. క్రీ.శ. 97లో చైనా సేనాని బాన్ చావో, రోమ్‌కు వెళ్లిరమ్మని గాన్ యింగ్‌ను పంపాడు. ఆయన సముద్రం ఒడ్డు దాకా చేరాడు. అక్కడ పార్థియా నావికులు, గాలి అనుకూలిస్తే మూడు నెలలు, లేకపోతే రెండేళ్లు పడుతుంది, మూడేళ్ల తిండి కట్టుకుని పోవాలి, ఇంటి మీద బెంగతో చచ్చినవాళ్లూ ఉన్నారు అన్నారు. గాన్ యింగ్ వెనక్కి తిరిగాడు. రోమ్ రాజుకు చైనాతో మాట్లాడాలని ఉన్నా, పట్టు వ్యాపారం తన చేతిలోనే ఉండాలని పార్థియా అడ్డుపడేదని హాన్‌ల చరిత్ర గ్రంథమే చెబుతోంది. క్రీ.శ. 166లో రోమ్ రాజు దూతలమంటూ కొందరు ఇప్పటి వియత్నాం వైపు నుంచి చైనా చేరారు. తెచ్చిన ఏనుగు దంతాలు, ఖడ్గమృగం కొమ్ములు చూసి వీటిలో గొప్ప ఏముందని ఆస్థానంవాళ్లు అనుమానపడ్డారు.

మధ్యవాళ్లంతా మోసగాళ్లని మేం అనడం లేదు. వాళ్లు లేకుంటే పట్టు రోమ్ చేరేదే కాదు. కానీ రెండు కొసల సంగతీ వాళ్లకే తెలుసు, కాబట్టి లాభమూ వాళ్ల దగ్గరే ఆగింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. శిడ్లఘట్ట, రామనగర, హోసూరు మార్కెట్లలో మనకూ రీలర్‌కూ మధ్య సముద్రం లేదు, ఒకే కప్పు కింద నిలబడతాం. అయినా తూకం వేసి, డబ్బు లెక్క చూసుకుని బస్సెక్కుతాం. కిలో నూలుకు మన గూళ్లు ఎన్ని కిలోలు పట్టాయి? దారం ఎన్నిసార్లు తెగింది? జంట గూళ్లు, మచ్చ గూళ్లు ఎన్ని పోయాయి? ఇవన్నీ రీలర్‌కు తెలుసు, మనకు తెలియవు. అందుకే ఆయన ధర చెబుతాడు, మనం తల ఊపుతాం.

ధర వస్తే చాలు, ఇవన్నీ మనకెందుకు అనేవాళ్లున్నారు. మన గూడు ఎంత నూలు ఇచ్చిందో తెలియకుండా ఇంకో పది రూపాయలు ఏ నోటితో అడుగుతాం? తప్పు చంద్రికలో ఉందా, ఆకులో ఉందా, గాలి ఆడని షెడ్డులో ఉందా అన్నది ఎలా పట్టుకుంటాం?

వచ్చే పంటకు ఒక్క పని చేద్దాం. లాట్ కొన్న రీలర్ ఫోన్ నంబరు అడిగి తీసుకుందాం. వారం పోయాక నూలు ఎలా వచ్చిందో కనుక్కుందాం. కుదిరితే ఊరికి నలుగురైదుగురం కలిసి ఆయన రీలింగ్ యూనిట్‌కు వెళ్లి చూద్దాం. తెలిసింది ఈ గ్రూపులో రాయండి, పదిమందికీ పనికొస్తుంది.