మోగడానికి కాదు, ఎదురుచూడటానికే ఖర్చు

బ్యాటరీ తొందరగా అయిపోతోందంటే మనం ముందు అనుమానించేది రింగర్నే. చప్పుడు చేసేది అదే కదా! "సౌండు తగ్గించు, వైబ్రేషన్ తీసెయ్" అని సలహాలు. ఒక్కసారి లెక్కేసి చూడండి.

వైబ్రేషన్ మోటారు తిరిగినంతసేపూ 100 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అర నిమిషం చొప్పున రోజుకి పది కాల్స్ వచ్చినా అయ్యేది 8 ఎంఏహెచ్ చిల్లర. 2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? దాని బ్యాటరీ 850 ఎంఏహెచ్, కంపెనీ చెప్పిన స్టాండ్‌బై గరిష్ఠంగా 400 గంటలు. అంటే ఊరికే పడి ఉన్నా రోజుకి 50 ఎంఏహెచ్. మోగడం కన్నా మోగడానికి ఎదురుచూడటమే ఆరు రెట్లు ఖరీదన్నమాట!

టవర్ ఏ క్షణాల్లో పిలవొచ్చో ఫోనుకి ముందే తెలుసు కాబట్టి, మధ్యలో దాని రేడియో కునుకు తీస్తుంది. అందుకే ఆ మాత్రంతో సరిపోయింది. అన్ని పరికరాలకీ ఆ తెలివి ఉండదు. నాన్నగారు మంచం దిగలేని రోజుల్లో ఒక వైర్‌లెస్ బెల్లు కొన్నాం. బటన్ ఆయన చేతిలో, మోగేది అమ్మ దగ్గర. పెరట్లోకి కూడా పట్టుకెళ్ళొచ్చని పెన్సిల్ సెల్స్‌తో నడిచేది తీసుకున్నాం. పది రోజులు తిరక్కుండానే సెల్స్ అయిపోయాయి. అసలు బాధ అది కాదు. చచ్చిపోయిన బెల్లూ, ఎవరూ నొక్కని బెల్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆయన నొక్కుతూనే ఉన్నారు, అమ్మేమో పిలవలేదనుకుంటోంది.

ఇలాంటి రిసీవర్ ఇరవైనాలుగు గంటలూ మేలుకుని 10 మిల్లీ ఆంపియర్లు తాగితే, 2000 ఎంఏహెచ్ సెల్స్ 200 గంటల్లో, అంటే ఎనిమిది రోజుల్లో ఖాళీ. అదే అర సెకనుకోసారి 5 మిల్లీ సెకన్లు లేచి, ఏమైనా వినిపిస్తోందా అని చూసి మళ్ళీ పడుకుంటే? సగటు వందో వంతుకి, 0.1కి దిగుతుంది. నిద్రలో వాడేదీ, సెల్స్ వాటంతటవే తరిగేదీ కలుపుకున్నా ఏడాది దాటుతుంది. బదులుగా బటన్ తన సిగ్నల్‌ని అర సెకనుకి పైగా పంపాలి. రోజుకి పదిసార్లు నొక్కే బటన్‌కి అదేమంత భారం? బెల్లు అర సెకను ఆలస్యంగా మోగితే కొంప మునగదు.

దీనికి ఖరీదైన చిప్పేమీ అక్కర్లేదు, చాలావరకు ఫర్మ్‌వేర్ పనే. అయినా అట్టపెట్టె మీద గొప్పలన్నీ బజర్ ఎంత గట్టిగా మోగుతుందన్న దాని గురించే.

నా ఉద్దేశంలో ఇలాంటి పరికరాన్ని రివ్యూ చేసేటప్పుడు రెండే ప్రశ్నలు అడగాలి. మోగనప్పుడు ఎంత తాగుతోంది? చచ్చేముందు చెబుతుందా? సెల్స్‌లో చివరి పది శాతాన్ని నిమిషానికోసారి "కీచ్" మనడానికి దాచిపెట్టాలి. వోల్టేజి చూసి ఆ కీచుమనిపించే నాలుగు లైన్ల కోడ్‌ని "తర్వాతి రిలీజ్‌లో చూద్దాం" అని పక్కన పెట్టేవాళ్ళకి, బెల్లంటే ఏమిటో ఇంకా అర్థం కాలేదని నా అభిప్రాయం.

మరి మీరేమంటారు?