ఎండలో నీళ్లను, వానలో మిద్దెను చూడండి



వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలోని మన కుటుంబాలకు ఇల్లు కొనుట జీవితములో ఒక్కసారి జరిగే పని. ఉన్న ఇల్లు అమ్ముకొనుట అంతకంటె భారమైన పని. ఈ రెండింటికీ కాలముతో ఎంత సంబంధమున్నదో మనము అంతగా ఆలోచించము.

మన సీమలో ఇల్లు ఒక్కొక్క కాలములో ఒక్కొక్క నిజము చెప్పును. ఏప్రిల్, మే నెలలలో నీళ్ల సంగతి బయటపడుతుంది. వెయ్యి అడుగుల బోరులు కూడ ఎండిపోయే ప్రాంతము మనది. కార్తీకములో నిండుగా పోసిన బోరు ఎండలలో ఎన్ని బిందెలు ఇచ్చునో అప్పుడే తెలియును. అయితే మిద్దె ఉరుస్తుందో లేదో ఎండలో తెలియదు. అక్టోబరు, నవంబరు వానలలోనే గోడల చెమ్మ, కప్పు పగుళ్లు కనబడతాయి. వేసవిలో చదునైన స్థలముగా కనబడినది వానలో వంక కావచ్చు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు, ఇండ్లు ఎట్లు మునిగినవో మనమెరుగుదుము. నీళ్లు తమ పాత దారిని మరువవు.

కాబట్టి వేసవిలో చూచిన ఇంటిని వానలో మరల చూడవలెను. అంతకాలము ఆగలేనివారు ఆ వీధిలో నీళ్లు మోసే అక్కచెల్లెండ్రను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పుదురు. కాలమేదైనను, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇ.సి. తీయించకుండ అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక ధర సంగతి. జూన్ నెలలో బడి ఫీజులు, వేరుశెనగ విత్తనాలు, పాత అప్పులు ఒక్కసారే మీద పడతాయి. వెంటనే ఆషాఢము వచ్చును. మనకు శూన్యమాసముల భయము లేకపోయినా, ఊరిలో చాలమంది అప్పుడు కొనరు. అమ్మక తప్పనివారు ఎక్కువ, కొనేవారు తక్కువ. అందుచేత ఇల్లు అడిగినంతకు పోవును. అదే ఇంటికి పంట డబ్బు చేతికి వచ్చిన తరువాత, సంక్రాంతి దాటినాక, మంచి బేరము రావచ్చును. పంట చేతికి రాకమునుపే ఆ డబ్బును నమ్ముకొని అగ్రిమెంటు వ్రాయుటయు ప్రమాదమే. 2023 జూలై ఆఖరున మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా ఇంచుమించు 200 రూపాయలు పలికి, కొద్ది వారాలకే పడిపోయినది గదా!

అమ్మేవారికి ఒక మాట. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనుగొనలేని ముఖ్యమైన లోపమును, తమకు తెలిసియుంటే, అమ్మేవారు చెప్పవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను చెప్పుచున్నది. చట్టము అటుంచినా, ఎండిపోయే బోరును వానకాలములో చూపించి అమ్మినవారికి ఆ డబ్బు శాంతినివ్వదు.

లేవీయకాండము 25వ అధ్యాయములో, ప్రాకారముగల పట్టణములో ఇల్లు అమ్మినవానికి దానిని విడిపించుకొనుటకు నిండు సంవత్సరము గడువున్నది. కష్టకాలములో పోగొట్టుకొన్నది మంచికాలములో దక్కించుకొను దారి అది. నేడు రిజిస్టరు అయిన ఇంటికి ఆ గడువు లేదు. కనుక గడువు మనమే ఇవ్వవలెను. జూన్‌లో ఇల్లు బేరము పెట్టిన సహోదరునికి, వేరుశెనగ ఇంటికి వచ్చేవరకు చేబదులు ఇచ్చి ఆదుకొనగలమేమో మొదట చూతము. కొనక తప్పనిచో ఇంటి విలువనుబట్టి ధర కట్టుదము గాని, అతని అక్కరనుబట్టి కాదు.