తిరుమలగిరి మిలటరీ కాలేజి మన పల్లెలకు ఎంత దూరం?

సంగారెడ్డి: ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే ‘సారథ్’ యుద్ధ శకటాలను ఈ ప్రాంతంలో ఎరుగని వారు లేరు. 1984లో నెలకొల్పిన ఆ కర్మాగారం 2021 అక్టోబరులో ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వచ్చింది. పేరు మారినా పని అదే. కాగా ఆ శకటాలు సైన్యం చేతికి వెళ్లిన తర్వాత వాటి మరమ్మతు బాధ్యత ఇ.ఎం.ఇ. దళానిది. ఆ దళానికి ఆఫీసర్లను తీర్చిదిద్దే కాలేజి కూడా మనకు దగ్గరలోనే, సికింద్రాబాదు తిరుమలగిరిలో ఉంది. శకటానికి బోల్టు బిగించే కార్మికుని కొడుకు అక్కడ ఆఫీసరుగా చదవగలడా అన్నదే ప్రశ్న.

మిలటరీ కాలేజి ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ అనేది దాని పూర్తి పేరు. పుణె, మహూలలోని సైనిక ఇంజనీరింగ్ కాలేజీలకు ఇది తోటిది. ఇంటర్మీడియట్ ఎం.పి.సి. చదివిన అవివాహిత యువకులను సైన్యం ‘టెక్నికల్ ఎంట్రీ’ పథకం కింద ఏటా రెండుసార్లు తీసుకొని ఈ మూడు కాలేజీలకు పంపుతుంది. ఏ కాలేజి అన్నది సైన్యం నిర్ణయిస్తుంది. మూడేళ్లు కాలేజీలో, చివరి సంవత్సరం డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలో శిక్షణ. పూర్వం ఇది అయిదేళ్లుండేది. 2024 నుంచి నాలుగేళ్లకు తగ్గించారు. పూర్తి చేసినవారికి బి.టెక్. పట్టా, లెఫ్టినెంటు హోదా లభిస్తాయి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఫీజులకు పొలం అమ్ముకొనే కుటుంబాలు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే.

అక్కడి జీవితం మామూలు హాస్టలు జీవితం కాదు. తెల్లవారకముందే వ్యాయామం, తర్వాత కవాతు, పగలంతా ఇంజనీరింగ్ తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి మళ్లీ చదువు. చదువులో వెనకబడినవారిని ఒక టర్ము వెనక్కి పంపే పద్ధతి సైనిక విద్యాలయాల్లో ఉంది. అప్పటికీ కుదరకపోతే ఇంటికి పంపిస్తారు. డొనేషన్ కట్టి సీటు నిలుపుకొనే వీలు అక్కడ లేదు.

మరి అక్కడికి చేరేదెట్లా? వయసు పదహారున్నర, పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్‌లలో కలిపి 60 శాతం మార్కులు రావాలి. జె.ఇ.ఇ. మెయిన్ రాసి ఉండాలి. ఈ చివరి షరతు కొన్నేళ్ల క్రితమే వచ్చింది. పల్లె పిల్లలకు ఇది మరో అడ్డంకి అని కొందరు అంటారు. నిజానికి తెలుగు మాధ్యమం వారికి ఇదే కొంత మేలు చేసింది. ఎందుకంటే 2021 నుంచి జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తున్నారు.

ఇతర సైనిక ప్రవేశ పరీక్షలతో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. డెహ్రాడూన్‌లో 1922లో ఏర్పడిన రాష్ట్రీయ ఇండియన్ మిలటరీ కాలేజీ ఎనిమిదో తరగతిలో పిల్లలను చేర్చుకుంటుంది. పదకొండున్నర ఏళ్లు నిండి పదమూడు దాటని పిల్లలకే అవకాశం. ఆ కాలేజి లెక్కల పత్రం ఇంగ్లీషులోనో, హిందీలోనో రాయాలి. ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష కూడా అంతే. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనికి బీహారు నుంచి వచ్చిన కూలీ బిడ్డ ఆ పరీక్ష తన బడి భాషలో రాయగలడు. జిన్నారం రైతు బిడ్డ రాయలేడు. ఆ కూలీ బిడ్డపై ఎవరికీ అసూయ అక్కరలేదు. కాని ఈ తేడా న్యాయమేనా అని మన ప్రజాప్రతినిధులు ఢిల్లీలో అడగవలసి ఉంది.

అయితే జె.ఇ.ఇ.తో పని ముగియదు. వడపోతలో నిలిచినవారిని సర్వీస్ సెలెక్షన్ బోర్డు అయిదు రోజులు పరీక్షిస్తుంది. బొమ్మ చూపి కథ రాయమంటారు. పదిమందిలో కూర్చోబెట్టి చర్చ పెడతారు, తాళ్లూ దూలాలూ ఇచ్చి అడ్డంకి దాటమంటారు. ఇంటర్వ్యూ ఉండనే ఉంటుంది. ఇక్కడ ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడే అలవాటు ఎంతో అవసరం. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన నోరు తిరగదన్నది ఉపాధ్యాయులకు తెలియని విషయం కాదు. వారానికి ఒక గంట మాట్లాడించే పని ఏ బడిలోనైనా పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు.

ఆడపిల్లలకు ఈ టెక్నికల్ ఎంట్రీ ద్వారం ఇంకా తెరుచుకోలేదు. వారికి ఇంటర్ తర్వాత ఉన్న దారుల్లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఒకటి. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఉత్తర్వుతో అది తెరుచుకొంది. 17 మందితో తొలి బృందం 2025 మేలో బయటికి వచ్చింది. మన పక్కనున్న దుండిగల్ వైమానిక అకాడమీలోనే 2016 జూన్‌లో దేశపు తొలి ముగ్గురు మహిళా యుద్ధవిమాన పైలట్లు పట్టా పుచ్చుకున్నారు.

ఇందులోని కష్టనష్టాలు కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 2023 డిసెంబరు 4న దుండిగల్ శిక్షణ విమానం తూప్రాన్ వద్ద కూలి శిక్షకుడు, శిక్షణార్థి ఇద్దరూ మరణించారు. శిక్షణలో గాయపడి వికలాంగులైన కేడెట్లకు మాజీ సైనికుల హోదా లేక, తగిన వైద్యం అందక పడుతున్న ఇబ్బందులను 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకొంది. ఆ తర్వాతే వారికి మాజీ సైనికుల వైద్య పథకాన్ని వర్తింపజేశారు. ఇంతకాలం ఈ మాట ఎవరికీ పట్టకపోవడం విచారకరం.

పదో తరగతి ఫలితాలు రాగానే ఇంటర్‌లో ఏ గ్రూపు అన్న ప్రశ్న ప్రతి ఇంటా వస్తుంది. బై.పి.సి., సి.ఇ.సి. తీసుకున్నవారికి టెక్నికల్ ఎంట్రీ ఉండదు. వారు డిఫెన్స్ అకాడమీ పరీక్షకు ఆర్మీ విభాగానికి పోవచ్చు గాని 300 మార్కుల లెక్కల పత్రం తప్పదు. ఇక ఎం.పి.సి. చదువుతూ జె.ఇ.ఇ. మెయిన్‌ను తెలుగులో రాయదలచినవారు దరఖాస్తులోనే ఆ భాషను ఎంచుకోవాలి. తెలుగు ప్రశ్నపత్రం ఇచ్చే కేంద్రాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనే ఉంటాయి.